రాత్రి కారిన హార్మోన్‌కు పొద్దున లెక్క

పిల్లవాడు ఈడుకు తగ్గ ఎత్తు పెరగడం లేదు. గ్రోత్ హార్మోన్ తక్కువేమోనని డాక్టరు అనుమానం. రక్తం తీసి చూస్తే తేలిపోదా? తేలదు. ఈ హార్మోన్ వ్యవహారం మున్సిపాలిటీ కుళాయి లాంటిది. వస్తే ధారగా వస్తుంది, మిగతా వేళల్లో చుక్క రాలదు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి దాన్ని విడతలు విడతలుగా వదులుతుంది. అన్నిటికన్నా పెద్ద విడత నిద్ర పట్టిన కాసేపటికి, గాఢనిద్రలో. వచ్చినదాంట్లో సగం 15-20 నిమిషాల్లోనే రక్తంలోంచి మాయమవుతుంది. పగలు పదకొండింటికి తీసిన రక్తంలో అది కనబడకపోతే లోపం ఉందనీ అనలేం, లేదనీ అనలేం.

అందుకే ఆసుపత్రిలో గ్రంథిని కదిలించి చూస్తారు. క్లోనిడిన్ మాత్ర మింగించో, ఇన్సులిన్‌తో రక్తంలో చక్కెర పడిపోయేలా చేసో, గంటా రెండు గంటలపాటు మళ్లీ మళ్లీ రక్తం తీస్తారు. ఇన్సులిన్ పద్ధతిలోనైతే డాక్టరు పక్కనుంచి కదలకూడదు.

ఇంత హింస ఎందుకు, కుళాయి కింద రాత్రంతా బకెట్ పెడితే సరిపోదా? ఆ బకెట్టే మూత్రం. పడుకునే ముందు ఒకసారి పోయించి, పొద్దున లేచాక సీసాలో పడితే రాత్రి లెక్క చేతికొస్తుంది. (పక్క తడిపే పిల్లలైతే లెక్క పక్కలోనే పోతుంది.)

ఆలోచన బాగానే ఉంది. చిక్కంతా కిడ్నీతోనే. 191 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీన్ కిడ్నీ జల్లెడలోంచి సులువుగానే జారిపోతుంది. ఆ తర్వాత వచ్చే సన్నని నాళికలు మాత్రం దాన్ని మింగి, ముక్కలు చేసి, అరిగించేసుకుంటాయి. గ్రంథి వదిలినదాంట్లో సుమారు పదివేలలో ఒక వంతే బయటపడుతుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములు. ఏట్లో చింతపండు పిసికి, దిగువన నీళ్లు పులిశాయా అని చూసినట్టే.

హార్మోన్‌ను పట్టుకునే యాంటీబాడీలతో రక్తంలో దాన్ని కొలిచే రేడియో ఇమ్యునోఎస్సే పద్ధతి 1960ల నాటికే ఉంది. దాని రూపకర్తల్లో ఒకరైన రోజలిన్ యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. మూత్రానికి మాత్రం అది చాలలేదు. మూత్రంలోని యూరియా ఆ యాంటీబాడీల పట్టు సడలిస్తుంది, హార్మోన్ సీసా గోడకు అంటుకుపోతుంది. 1980ల మధ్యలో జపాన్ శాస్త్రవేత్తలు ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీలతో ఆ కాస్తనూ పట్టుకున్నారు. నా దృష్టిలో అది గొప్ప పనితనం.

కొలవడం వచ్చాక అసలు సంగతి బయటపడింది. పదివేలలో 9,999 మింగే నాళికలు ఒక రాత్రి 9,998 మింగి ఊరుకున్నాయనుకోండి. మూత్రంలో అంకె రెట్టింపవుతుంది, గ్రంథి మాత్రం ఒక్క అణువూ ఎక్కువ వదల్లేదు. మనం కొలిచేది గ్రంథి ఉదారతనా, కిడ్నీ ఆకలినా? ఒకే పిల్లవాడికి రాత్రికో అంకె వచ్చేది. లోపమున్న పిల్లల అంకెలూ, ఆరోగ్యంగానే ఉండి పొట్టిగా ఉన్న పిల్లల అంకెలూ కలిసిపోయేవి. హార్మోన్ విపరీతంగా పొంగే ఆక్రోమెగలీ రోగుల్లో అయితే తేడా బాగానే కనబడేది. ఇప్పుడు డాక్టర్లు ముందుగా ఐజీఎఫ్-1 చూస్తున్నారు. గ్రోత్ హార్మోన్ ప్రేరణతో ఎక్కువగా కాలేయం తయారుచేసే ఆ పదార్థం రోజంతా రక్తంలో నిలకడగా ఉంటుంది.

డోపింగ్ పరీక్షల్లోనూ ఇదే చిక్కు. గట్టిగా పరుగెత్తినవాడి మూత్రంలో కాసేపు ప్రోటీన్లు ఎలాగూ పెరుగుతాయి. అందుకే 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో గ్రోత్ హార్మోన్ పరీక్ష మొదలుపెట్టినప్పుడు, మూత్రం సీసాకు అలవాటుపడ్డ ఆటగాళ్లు సూదికి చెయ్యి చాచాల్సి వచ్చింది.