చెంచా, చెంబు, రెండు బిందెలు

"డీజే బాక్సుల దడ వీధి చివరిదాకా వస్తుంది కదా సార్, సముద్రంలో మంద్రధ్వని, అంటే బాగా లోతైన మోత, పుట్టించాలంటే అలాంటిదే పెద్దది నీళ్లలోకి దించితే సరిపోదా?" అని ఒక ఇంటర్ కుర్రాడు అడిగాడు. ఎంత మంచి ప్రశ్నో! బకెట్లో చెయ్యి పెట్టి మెల్లగా ఊపి చూడమన్నాను. నీళ్లు అరచేతి ముందు నుంచి వెనక్కి జారిపోతాయి తప్ప ఒత్తుకోవు. ఒత్తిడి మారకపోతే ధ్వని లేదు. అందుకే నీళ్లలో మంద్రధ్వని పుట్టించే యంత్రం ఊగితే చాలదు, బుడగలాగా ఉబ్బాలి, ముడుచుకోవాలి.

ఎంత ఉబ్బాలి? ఒక కిలోవాట్ ధ్వని కావాలనుకుందాం. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో అదే పౌనఃపున్యం, దాని కొలత హెర్ట్జ్. 1000 హెర్ట్జ్‌కైతే ఆ యంత్రం పరిమాణం అటూ ఇటూ 5 మిల్లీలీటర్లు మారితే చాలు, ఒక టీ చెంచా. 100 హెర్ట్జ్‌కు అర లీటరు, అంటే చిన్న చెంబెడు. 10 హెర్ట్జ్‌కు 50 లీటర్లు: రెండు పెద్ద బిందెల నీళ్లను సెకనుకు పదిసార్లు నెట్టాలి, లాగాలి! పౌనఃపున్యం పదో వంతైతే నెట్టాల్సిన నీళ్లు వంద రెట్లు. పౌనఃపున్యం ఒక పాఠం, కంపన పరిమితి (ఎంత మేర ఊగుతుందో) ఇంకో పాఠం అని విడదీసి చెప్పే మన క్లాసుల్లో ఈ లెక్క ఎక్కడా తగలదు. అదే నా బాధ.

ఈ బరువు మోయడానికి అనునాదమే దిక్కు, అంటే వస్తువు సహజంగా కంపించే పౌనఃపున్యం దగ్గరే దాన్ని ఊపడం. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గాలిబుడగ నీటి పైపొరల్లో సుమారు 33 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను కంపిస్తుంది. లోపలి గాలి స్ప్రింగు, చుట్టూ ఉన్న పన్నెండు కిలోల పైచిలుకు నీళ్లు దానికి కట్టిన బరువు. ఆ ధ్వని తరంగదైర్ఘ్యం 45 మీటర్లు, బుడగ చూస్తే ఫుట్‌బాల్ కంటే చిన్నది! కానీ 90 మీటర్ల లోతున పీడనం పదింతలు. స్ప్రింగు బిగుసుకుని అదే బుడగ 100 హెర్ట్జ్ దాటిపోతుంది. మళ్లీ 33కి దించాలంటే వ్యాసార్ధం అడుగు దాటాలి.

1991 జనవరిలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం దక్షిణ హిందూ మహాసముద్రంలోని హెర్డ్ దీవి దగ్గర, హైడ్రాలిక్ ఒత్తిడితో పనిచేసే ధ్వని జనకాలను ఓడ నుంచి 175 మీటర్ల లోతుకు దించింది. అక్కడ పుట్టిన ధ్వని మూడు గంటలకు పైగా ప్రయాణించి ఒకవైపు అట్లాంటిక్‌లోని బెర్ముడా దీవుల దగ్గర, మరోవైపు అమెరికా పశ్చిమ తీరంలో వినిపించింది. ఎంచుకున్న పౌనఃపున్యం 57 హెర్ట్జ్. కరెంటు సరఫరాది కొన్ని దేశాల్లో 50, కొన్నిట్లో 60 హెర్ట్జ్. ఆ గుయ్‌మనే మోతలో తమ ధ్వని కలిసిపోకుండా మధ్యలో 57 పట్టుకున్నారు.