‘ఆయనా బాక్సరే కదా సార్’: ప్రమోటర్ల మీద అపోహలు, వాస్తవాలు

విశాఖలో పిల్లలకి బాక్సింగ్ నేర్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు దాటింది. ‘గార్డు దించకురా’ అని ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు. నాలుగైదేళ్లుగా దానికి తోడు ఇంకో అరుపు చేరింది: ‘ప్రమోటర్ కాగితం మీద సంతకం పెట్టకురా’.

జవాబు మాత్రం ఎవడి నోటైనా ఒకటే. ‘ఆ ప్రమోటర్ కూడా ఒకప్పుడు బాక్సరే సార్. దెబ్బలు తిన్నోడికి మన కష్టం తెలీదా?’ ఆ వెంటనే బాక్సర్‌గా ఉండి ప్రమోటరైన అమెరికన్ ఆస్కార్ డి లా హోయా పేరు వస్తుంది. మా జిమ్ గోడ మీద ఆయన బొమ్మ అంటించింది నేనే కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది.

అపోహ: బాక్సర్ ప్రమోటర్ అయితే బాక్సర్ పక్షానే ఉంటాడు.

ఉండడు. మంచివాడైనా ఉండలేడు. మేనేజర్‌కి వచ్చేది మీ పర్సులో, అంటే ఫైటుకి మీకిచ్చే డబ్బులో, వాటా. మీ పర్సు పెరిగితే ఆయనదీ పెరుగుతుంది, అందుకే మీ తరఫున బేరమాడతాడు. ప్రమోటర్ సంగతి వేరు. హాలు అద్దెకి తీసుకుంటాడు, టికెట్లు అమ్ముతాడు, టీవీ హక్కులు అమ్ముతాడు, స్పాన్సర్లని పట్టుకొస్తాడు. వచ్చిన దాంట్లోంచి మీకివ్వాల్సింది ఇచ్చి, మిగిలింది ఉంచుకుంటాడు. ఆయన లెక్కల పుస్తకంలో మీ పర్సు ఉండేది ఖర్చుల వైపు, హాలు అద్దె కిందే. ఖర్చు తగ్గించుకోవడం వ్యాపారి చేసే పని. అందులో ద్రోహమేమీ లేదు. కాకపోతే ‘మనోడే’ అనుకుని బేరం మానేశారంటే నష్టం మీకే.

డి లా హోయా సంగతే చూడండి. తూర్పు లాస్ ఏంజెలస్‌లో మెక్సికన్ మూలాల కుటుంబం. తల్లి 1990లో క్యాన్సర్‌తో పోయింది. రెండేళ్లకి బార్సిలోనాలో 60 కిలోల విభాగంలో ఒలింపిక్ బంగారు పతకం కొట్టాడు. ఫైనల్లో ఓడించింది జర్మనీకి చెందిన మార్కో రుడాల్ఫ్‌ని, అంతకుముందు ఏడాది ప్రపంచ పోటీల్లో తనను ఓడించిన మనిషినే. (ఈ ముక్క మా పిల్లలకి వందసార్లు చెప్పుంటాను.) ప్రొఫెషనల్‌గా ఆరు వెయిట్‌లలో ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. 45 ఫైట్లు, 39 గెలుపులు, 6 ఓటములు.

ఇదంతా మా కుర్రాళ్లకి కంఠతా వచ్చు. వాళ్లకి తెలియని భాగం వేరే ఉంది. తనని స్టార్‌ని చేసిన ప్రమోటర్ బాబ్ అరమ్‌తోనే ఆయన కోర్టుకెక్కి 2001లో బయటపడ్డాడు. ఆ రోజుల్లోనే గోల్డెన్ బాయ్ ప్రమోషన్స్ పెట్టాడు. గ్లవ్స్ విప్పేశాక తీరిగ్గా పెట్టిన కంపెనీ కాదది. 2008 చివర్లో ఫిలిప్పీన్స్ బాక్సర్ పక్యావ్ చేతిలో చివరి దెబ్బలు తినేదాకా ఒక పక్క ఫైట్ చేస్తూనే ఇంకో పక్క కంపెనీ నడిపాడు. అదీ ఒంటరిగా కాదు. ఏళ్ల తరబడి లెక్కలు, బేరాలు చూసుకుంది రిచర్డ్ షేఫర్ అనే స్విస్ బ్యాంకర్. 2014లో ఆయన తప్పుకున్నాక ఆ గొడవ కూడా న్యాయవాదుల దాకా వెళ్లింది.

2007 మే 5, లాస్ వెగాస్. డి లా హోయాకీ, అమెరికన్ బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్‌కీ ఫైటు. టీవీలో డబ్బు కట్టి చూసిన కొనుగోళ్లు దాదాపు 24 లక్షలు. మేవెదర్ స్ప్లిట్ డెసిషన్ మీద, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి లెక్కలో, గెలిచాడు. గెలిచినవాడికి దక్కింది సుమారు రెండున్నర కోట్ల డాలర్లు, ఓడినవాడికి ఐదు కోట్లు పైచిలుకు. రింగులో ఓడిన మనిషి రెండింతలు తీసుకెళ్లాడు! జనాన్ని రప్పించే పేరు ఆయనదే, ప్రమోట్ చేసిన కంపెనీల్లో ఒకటి ఆయనదే. మేవెదర్ ఏమీ అమాయకుడు కాదు. అంతకుముందు ఏడాదే అరమ్‌కి ఏడున్నర లక్షల డాలర్లు కట్టి మరీ ఒప్పందం తెంచుకుని వచ్చాడు. ఆ రాత్రి ఇద్దరి చేతులకీ గ్లవ్స్ ఉన్నాయి, గల్లాపెట్టె తాళం మాత్రం ఒకరి దగ్గరే ఉంది.

మరి అదే డి లా హోయా దగ్గరికి ఇంకో బాక్సర్ వచ్చినప్పుడో? మెక్సికో బాక్సర్ కానెలో అల్వారెజ్‌ని 2010లో తీసుకున్నాడు, పెద్ద స్టార్‌ని చేశాడు. 2018లో డజోన్ అనే స్ట్రీమింగ్ సంస్థతో 11 ఫైట్లకి 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. రెండేళ్లు తిరిగేసరికి 2020 సెప్టెంబర్‌లో కానెలో డజోన్ మీద, గోల్డెన్ బాయ్ మీద, డి లా హోయా మీద 28 కోట్ల డాలర్లకి దావా వేశాడు. నవంబర్‌కల్లా విడిపోయారు. ఎవరిది తప్పు అన్నది నా మాట కాదు. ఒకప్పుడు అరమ్ కూర్చున్న కుర్చీలో డి లా హోయా, డి లా హోయా నిలబడ్డ చోట కానెలో. మనుషులు మారారు, కుర్చీ మారలేదు.

ఆయనేమీ చెయ్యలేదని కాదు. తనను ఓడించిన మోస్లీ, హాప్కిన్స్‌లనే కంపెనీలో భాగస్వాములుగా చేర్చుకున్నాడు. అది పెద్ద మనసే. కానీ భాగస్వామి వేరు, కాంట్రాక్టు బాక్సర్ వేరు. మావాడికి ఆఫర్ చేసేది రెండోదే.

ఈ కథ ఎందుకు తవ్వుతున్నానంటే, రెండేళ్ల కిందట మా దగ్గర ఒక కుర్రాడుండేవాడు. పేరు చెప్పను. నాన్న ఆటో తోలతాడు. ఎడంచేతి హుక్ అంత చక్కగా వేసేవాడు నాకు మళ్లీ దొరకలేదు. మాజీ బాక్సర్ నడిపే ఒక ప్రమోషన్ వాళ్లు ఫోన్ చేశారు, నాకు చెప్పకుండానే సంతకం పెట్టేశాడు. ఆరు రౌండ్ల ఫైటు, పర్సు నలభై వేలు అన్నారు. గెలిచాడు. చేతికొచ్చింది పదకొండు వేలు.

రైలు, హోటలు, మెడికల్ పరీక్షలు, గ్లవ్స్ కోసం కోత పెట్టారు. వాడికిచ్చిన టికెట్లలో అమ్ముడుపోనివాటి డబ్బు కూడా వాడి ఖాతాలోంచే. చేతికి బ్యాండేజ్ ఇంకా విప్పకుండానే ఆ కాగితం నా ముందు పెట్టాడు. తొమ్మిదో పేజీలో ఉంది మొత్తం. ‘ప్రమోటర్ సబబని భావించిన ఖర్చులు’ అని ఒకే ఒక్క లైను. కింద వాడి సంతకం, స్కూల్ హాజరు పట్టీలో పెట్టినట్టు గుండ్రంగా.

వాళ్ల నాన్న మాత్రం ఒక్కటే అడిగాడు. ‘కోచ్ గారూ, మావాడు ఇంకా మూడేళ్లు వాళ్లకే కట్టుబడి ఉండాలంట, నిజమేనాండీ?’ నిజమే. కాగితంలో ఉన్న ఎక్స్‌క్లూజివ్ అన్న మాటకి అర్థం అదే. ఆ మనిషి ముఖం చూశాక కుర్రాణ్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు చదవడం రాదు, కాగితం పంపినవాడు ఫోన్లో ‘తమ్ముడూ’ అని పిలిచాడు. ఎవడైనా నమ్ముతాడు.

అపోహ: చట్టం చూసుకుంటుంది కదా.

అమెరికాలో ముహమ్మద్ అలీ పేరుతో 2000లో ఒక చట్టం వచ్చింది. ప్రమోటరే మేనేజర్ వేషం కూడా వెయ్యకూడదు, ఫైటు మీద తనకెంత వస్తుందో ప్రమోటర్ బాక్సర్‌కి చెప్పాలి. మంచిదే. అయితే మేనేజర్, ప్రమోటర్ మధ్య ఆ గోడ పది రౌండ్లు, ఆపైన ఫైట్లకే. నాలుగు, ఆరు రౌండ్లు ఆడే కొత్త కుర్రాడికి అక్కడే ఆ రక్షణ లేదు. గాజువాక కుర్రాడికి అమెరికా చట్టం ఏ మూలకి?

అపోహ: ప్రకటించిన పర్సు మొత్తం బాక్సర్ ఇంటికెళ్తుంది.

పైన చదివారుగా. పెద్దవాళ్లకీ కోతలుంటాయి. ట్రైనర్‌కి ఆనవాయితీగా పది శాతం, మేనేజర్‌కి కాలిఫోర్నియాలోనైతే మూడో వంతు దాకా, టైటిల్ ఫైటైతే బెల్టు సంస్థ ఫీజు, ఆపైన పన్ను.

అపోహ: బెల్టు ఇచ్చేది ప్రమోటరే, జడ్జీలని పెట్టేదీ ఆయనే.

బెల్టు డబ్ల్యూబీసీ, డబ్ల్యూబీఏ లాంటి సంస్థలది. అమెరికాలో జడ్జీలని వేసేది రాష్ట్ర కమిషన్. మీవాడు పాయింట్ల మీద ఓడితే ముందు వీడియో పెట్టుకుని జాబ్‌లు, అంటే ముందు చేత్తో వేసే నేరు పంచ్‌లు, లెక్కపెట్టండి, కుట్ర సంగతి తర్వాత.

అపోహ: ఒకసారి ప్రో అయితే ఒలింపిక్స్ తలుపు మూసుకుంటుంది.

2016లోనే తెరిచారు. రియోలో ముగ్గురు ప్రొఫెషనల్స్ దిగారు, ఒక్కరికీ పతకం రాలేదు. మూడు రౌండ్ల ఆట వేరు, పన్నెండు రౌండ్ల ఆట వేరు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది, అమెచ్యూర్‌గానే. ఇది చెప్తే మా పిల్లలు తలూపుతారు, మళ్లీ ఫోన్లో మేవెదర్ కార్లు చూసుకుంటారు. పద్దెనిమిదేళ్ల వయసులో నేనూ అంతే.

నిన్న సాయంత్రం స్పారింగ్ అయ్యాక ఇంకో కుర్రాడు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. ‘సార్, వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపారు, పద్నాలుగు పేజీలుంది.’ సంతకం పెట్టావా అనడిగాను. ‘లేదు సార్, ముందు మీకు చూపిద్దామని.’ కళ్లద్దాలు తెచ్చుకుని ట్యూబులైటు కింద కూర్చున్నాం. వాడి ఫోన్ తీసుకుని నేరుగా తొమ్మిదో పేజీకి జరిపాను. అక్కడ లేదు. పదకొండులో ఉంది.