వెలుతురుకు కదిలే రంగు

కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు అంటే నేత. నూలుకు ఎరుపు ఎక్కించే పాత పద్ధతుల్లో నాఫ్తాల్ అద్దకం ఒకటి. కాస్టిక్ సోడాతో కరిగించిన నాఫ్తాల్‌లో చిలపలను (నూలు కట్టలను) నానబెట్టి, పిండి, డయజో ఉప్పు నీళ్లలో ముంచితే, పాలిపోయిన నూలు చూస్తుండగానే ఎర్రబడుతుంది. ఆ రంగుకు మూలం నత్రజని పరమాణువుల జంట, అజో బంధం. ఎంత ఎండ తగిలినా రంగు చెక్కుచెదరకూడదన్నదే అద్దకం పనివారి పట్టుదల. అదే కుటుంబంలోని అజోబెంజీన్‌కు ఆ నిలకడ లేదు. ప్రయోగశాలల్లో అది పేరు తెచ్చుకున్నది ఆ గుణంతోనే.

సాగి ఉండే అజోబెంజీన్ అణువు వెలుతురుకు వంగిన రూపంలోకి మారుతుందని 1937లో జి.ఎస్. హార్ట్లీ చూపారు. చీకట్లో ఉంచితే అది మళ్లీ సాగుతుంది. 1984లో బల్గేరియాలో టొడొరోవ్ బృందం ఇలాంటి రంగు కలిపిన పొరల్లో హోలోగ్రాములు రాసింది. అక్కడ వాడుకున్నది అణువులు దిశ మార్చుకోవడాన్నే.

అసలు మలుపు 1995లో వచ్చింది. కెనడాలో రోషాన్, నటన్‌సన్‌ల బృందం, అమెరికాలో మసాచుసెట్స్ లోవెల్ విశ్వవిద్యాలయంలో మన దేశం నుంచి వెళ్లిన సుకాంత్ త్రిపాఠి, జయంత్ కుమార్‌ల బృందం వేర్వేరుగా ఒకే సంగతి ప్రకటించాయి. రెండు లేజర్ కిరణాలను అజో పాలిమర్ (అజో రంగు అణువులున్న ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొరపై కలిపితే, పొర ఉపరితలమే వందల నానోమీటర్ల ఎత్తుపల్లాలతో దుక్కి చాళ్లలా లేచింది. చిప్‌ల తయారీలో మాదిరి రసాయనాలతో కడగాల్సిన పని లేదు. తగినంత వేడి చేస్తే చాళ్లు చెరిగి పొర మళ్లీ చదునవుతుంది.

వింత ఏమిటంటే, వంద డిగ్రీలు దాటితే గాని మెత్తబడని పాలిమర్ గది ఉష్ణోగ్రతలోనే కదిలింది. లేజర్ వేడికి కరిగిందేమో అనుకోవచ్చు, కానీ ఆ వాదన నిలవదు. రెండు కిరణాల ధ్రువణం, అంటే కాంతి తరంగం ఊగే దిశ, అవి కలిసిన చోట పడే వెలుగునీడల చారలకు సమాంతరంగా ఉంటే ఆ తేడా స్పష్టంగా ఉన్నా పొర పెద్దగా లేవదు. వ్యతిరేక దిశల్లో తిరిగే వృత్తాకార ధ్రువణం ఇస్తే వెలుతురు అంతటా సమానమే, అయినా చాళ్లు లోతుగా పడతాయి. అంటే పదార్థాన్ని నడిపిస్తున్నది కాంతి తీవ్రత ఒక్కటే కాదు, దాని ధ్రువణ దిశ కూడా. అణువులు మళ్లీ మళ్లీ వంగి సాగడం వల్ల పుట్టే ఒత్తిడి అని కొందరు, కాంతి విద్యుత్ క్షేత్రం లాగే బలం అని మరికొందరు సిద్ధాంతాలు కట్టారు. వాదన ఇంకా తెగలేదు.

వాడకానికి అడ్డు మాత్రం సాదాసీదాది: పొరకు గాఢమైన రంగు ఉంటుంది, దృశ్యకాంతిని మింగేస్తుంది. పారదర్శకత కావలసిన పరికరాలకు ఇది పనికిరాదు. అందుకే చాళ్లు పడ్డాక రంగును మాత్రం తొలగించి, ఆకారాన్ని మిగిల్చే పద్ధతులపై కొన్ని ప్రయోగశాలలు పనిచేశాయి.