ట్రాఫిక్ లేకపోయినా మీటరు తిరుగుతుంది: నెట్‌వర్క్ కరెంటుపై అపోహలు, వాస్తవాలు

“సెలవుల్లో ఎవరూ ఉండరు కదండీ, అప్పుడు స్విచ్‌లకు కరెంటేం అవుతుంది?” ఈ మాట వినపడని సర్వర్ రూమ్ లేదు. స్విచ్ అంటే ఇక్కడ గోడ మీది మీట కాదు, కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే నెట్‌వర్క్ పెట్టె. కాలేజీ ప్రిన్సిపాళ్లు అంటారు, ఆస్పత్రి మేనేజర్లు అంటారు, ఊళ్లో ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ ఆపరేటర్లు అంటారు. సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్న ఐటీ హెడ్‌లు కూడా అంటారు, అదే నా బాధ. నెట్‌వర్క్‌లు డిజైన్ చేసి, నిలబెట్టి, నడిపించడం నా పని. బిల్లు చూసి గుండె జారినప్పుడు ఫోన్ వచ్చేదీ నాకే. కాబట్టి ఈ ఒక్క అపోహ మీద గట్టిగానే మాట్లాడతాను. మిగతావి పైపైన చూసుకుంటూ పోదాం.

అపోహ: వాడకం తగ్గితే కరెంటూ తగ్గుతుంది

తగ్గదు. చెప్పుకోదగ్గంతగా అసలే తగ్గదు. జనం లేకుండా వెళ్లే ఆఖరి ట్రిప్పు పల్లెవెలుగు బస్సుకు డీజిల్ మిగులుతుందా? ఇదీ అంతే.

గిగాబిట్ లింకు (సెకనుకు వంద కోట్ల బిట్లు మోసే కేబుల్ కనెక్షన్) ఒకసారి అప్ అయ్యాక, పంపడానికి డేటా ఏమీ లేకపోయినా రెండు వైపులా ఐడిల్ సిగ్నల్ పంపుకుంటూనే ఉంటాయి, లేకపోతే క్లాకుల జోడీ, అంటే రెండు వైపుల టైమింగు, తప్పిపోతుంది. లోపల డేటాను కేబుల్ నుంచి కేబుల్‌కు తోసే ఏసిక్ చిప్‌కు క్లాకు ఆగదు. ఏ డేటా ఎటు పోవాలో రాసుకున్న ఫార్వర్డింగ్ టేబుళ్లు పట్టుకున్న మెమరీకి కరెంటు ఆగదు. ఫ్యాన్లు ఆగవు, పవర్ సప్లయిలో వేడిగా పోయే నష్టం ఆగదు. ఇవన్నీ కలిపితే అయ్యే ఖర్చు ముందు, ఒక ప్యాకెట్ (డేటా ముక్క) వచ్చి వెళ్లినందుకయ్యే ఖర్చు చిల్లర.

నమ్మని వాళ్ల కోసం నా బ్యాగులో ఒక ప్లగ్-ఇన్ వాట్ మీటరు ఉంటుంది. గోడ సాకెట్‌కు మీటరు, మీటరుకు 48 పోర్టుల, అంటే 48 కేబుళ్లు గుచ్చగలిగే, గిగాబిట్ స్విచ్. ఒక్క కేబులూ పెట్టకుండా ఆన్ చేస్తాను. బూట్ అయ్యేదాకా ఫ్యాన్లు విమానంలా అరుస్తాయి, తర్వాత అంకె ఒక చోట కుదురుకుంటుంది. అక్కడి నుంచి ప్యాచ్ కేబుళ్లు ఒక్కొక్కటే గుచ్చుతాను. లింకు లైటు వెలిగినప్పుడల్లా అంకె అర వాటో, ముప్పావు వాటో పైకి జరుగుతుంది. అన్నీ పెట్టాక రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య ఫుల్ స్పీడులో ట్రాఫిక్ తోలుతాను. అందరూ మీటరు మీదికి వంగి చూస్తారు. అంకె ఉలకదు, పలకదు. ఒకచోట ఇదంతా చూసిన అకౌంటెంట్ గారు నెమ్మదిగా ఐటీ మేనేజర్ వైపు తిరిగి, “అయితే సార్, మనం కరెంటు బిల్లు కట్టేది దేనికి, వాడినందుకా, పెట్టుకున్నందుకా?” అన్నారు. పెట్టుకున్నందుకే.

లాక్‌డౌన్‌లో దీనికి ఉచితంగా రుజువు దొరికింది. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అంతస్తులకు అంతస్తులే ఖాళీ అయ్యాయి. లైట్లు ఆపారు, లిఫ్టులు ఆపారు, ఏసీలు తగ్గించారు. కమ్యూనికేషన్ రూముల్లో మాత్రం స్విచ్‌లు, వైఫై యాక్సెస్ పాయింట్లు, డెస్కు ఫోన్లు మనుషులున్నప్పుడు ఎంత లాగాయో దాదాపు అంతే లాగాయి. మా క్లయింట్ ఒకరి బిల్డింగులో ఫెసిలిటీస్ ఆయనకు లెక్క తేలక, ఎవరో లైను దొంగిలిస్తున్నారని అనుమానపడ్డారు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. డేటా నెట్‌వర్క్‌లు సామర్థ్యంలో చాలా కొద్ది భాగమే వాడుకుంటాయని గణిత శాస్త్రవేత్త ఆండ్రూ ఓడ్లిజ్కో 1990ల చివర్లోనే లెక్కలు వేసి చూపించారు. 2003లో మారుతి గుప్తా, సురేశ్ సింగ్ అనే పరిశోధకులు సిగ్‌కామ్ అనే నెట్‌వర్కింగ్ సదస్సులో ఇంకో అడుగు ముందుకేసి, ఖాళీగా ఉన్న రూటర్ భాగాలను నిద్రపుచ్చలేమా అని అడిగారు. అప్పటికది వింత ప్రశ్న.

ఇప్పుడు డబ్బు లెక్క. ఒక స్విచ్ 60 వాట్లు లాగుతుందనుకోండి. ఏడాదికి 8,760 గంటలు. అంటే దాదాపు 525 యూనిట్లు. కమర్షియల్ కనెక్షన్‌లో యూనిట్ రమారమి పది రూపాయలు వేసుకున్నా ఒక్క స్విచ్‌కు ఐదు వేల పైచిలుకు. ఇలాంటివి నలభై ఉన్న క్యాంపస్‌కు రెండు లక్షలు దాటుతుంది. ఆ వేడిని బయటికి తోడే ఏసీ ఖర్చు ఇందులో లేదు.

ఈ అపోహ వల్ల నష్టమేమిటంటే, ‘ఖాళీగా ఉంది కదా, ఉండనీ’ అని పెట్టెలు పేరుకుపోతాయి. ఓ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ బ్లాకులో ఒకే ర్యాకులో నాలుగు 48 పోర్టుల స్విచ్‌లు కనిపించాయి. ఒక్కోదాంట్లో తొమ్మిదో పదో కేబుళ్లు. డిపార్ట్‌మెంటుకొకటి కొన్నారట, ఎవరి బడ్జెట్ వాళ్లది. మొత్తం కేబుళ్లు ఒక్క స్విచ్‌లో పట్టాయి, ఇంకా పోర్టులు మిగిలాయి. ఎందుకు కలిపామో, ఎలా కలిపామో విడిగా చెప్పాల్సిన పనే లేదు: ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్క్‌లుగా విడగొట్టే వీల్యాన్‌లు ఉన్నవే అందుకు. కష్టమైన పనల్లా ముగ్గురు హెచ్‌ఓడీలను ఒప్పించడం. ఒకరైతే “మా స్విచ్‌లో మా ఇంటర్నెట్ ఉంటుంది, అది వాళ్లకు పోతుంది” అన్నారు.

కాబట్టి ఆదా ఎక్కడుందంటే ట్రాఫిక్‌లో లేదు, ఆన్‌లో ఉన్న పెట్టెల సంఖ్యలో ఉంది. ఆ తర్వాత లైన్ కార్డుల్లో (పెద్ద స్విచ్‌లలో పోర్టులు ఉండే పలకలు), ఆ తర్వాత పోర్టుల్లో. ఈ వరస తలకిందులు చేస్తే శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

అపోహ: పోర్టుకు షట్‌డౌన్ కొట్టాం కాబట్టి కరెంటు ఆగింది

షట్‌డౌన్ అంటే స్విచ్‌లో ఒక్క పోర్టును ఆపే కమాండ్. రాగి పోర్టులో కొంత ఆగుతుంది. ఫైబర్ మాడ్యూల్ (పోర్టులో గుచ్చే, డేటాను వెలుగుగా మార్చే చిన్న ముక్క) విషయంలో పరికరాన్ని బట్టి ఉంటుంది. చాలా రూటర్లలో షట్‌డౌన్ కొడితే లేజర్ ఆగుతుంది గానీ మాడ్యూల్‌కు పవర్ అందుతూనే ఉంటుంది. వాడని 10జీ (సెకనుకు 10 గిగాబిట్ల) మాడ్యూల్ అయితే వాటు అటూ ఇటూ. 100జీ అయితే మూడు, మూడున్నర వాట్లు. 400జీ అయితే పది దాటుతుంది. వేలితో ముట్టుకుంటే తెలుస్తుంది, ‘డౌన్’లో ఉన్న మాడ్యూల్ కూడా వెచ్చగానే ఉంటుంది. అక్కర్లేదని తేలాక బయటికి లాగి, డస్ట్ క్యాప్ పెట్టి, ఏ పోర్టులోదో చీటీ రాసి కవర్లో వేయండి. లైన్ కార్డులు గుచ్చే పెద్ద ఛాసిస్ స్విచ్ అయితే ఖాళీ లైన్ కార్డు స్లాట్‌కే పవర్ తీసేసే కమాండ్ ఉంటుంది, మాన్యువల్‌లో వెతకండి. అది చాలామంది జన్మలో ఒక్కసారి కూడా వాడరు.

అపోహ: ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్ ఆన్ చేస్తే కాల్స్ తెగిపోతాయి

2010లో వచ్చిన 802.3ఏజెడ్ ప్రమాణం ఇది. ఐడిల్ సిగ్నల్ అని పైన చెప్పాను కదా, దాన్ని ఆపి లింకును కునుకు తీయనిస్తుంది, మధ్యమధ్య చిన్న రిఫ్రెష్ పంపి క్లాకు జోడీ చెడకుండా చూసుకుంటుంది. గిగాబిట్ లింకు నిద్ర లేవడానికి పట్టేది 16.5 మైక్రోసెకన్లు. మీ ఐపీ ఫోను మాట ప్యాకెట్ పంపేది సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూశాక కూడా ‘కాల్ కట్ అయింది, ఇదే కారణం’ అనేవాళ్లతో నేను వాదించను, వైరింగ్ టెస్టర్ తీసి కేబుల్ చూస్తాను. తొంభై పాళ్లు క్రింపింగే, అంటే కేబుల్ చివర ప్లగ్ సరిగా బిగించకపోవడమే.

మిగతా పాళ్లలో నిజం లేకపోలేదు. ఆడిటోరియంలో డాంటే లాంటి నెట్‌వర్క్ ఆడియో ఉంటే ఆ పోర్టుల్లో దీన్ని ఆపాల్సిందే, తయారీదారులే చెబుతారు. మైక్రోసెకన్ల లెక్కన టైమ్ సింక్ కావాల్సిన చోటా అంతే. కొన్ని పాత నెట్‌వర్క్ కార్డులు కూడా దీంతో పేచీ పెడతాయి. ఆ పోర్టులు వదిలేసి, ఆఫీసు డెస్కుల పోర్టుల్లో ఆన్ చేసుకోండి. కానీ మొదటే చెప్పాను, ఇది పోర్టు స్థాయి ఆదా. పెట్టె మొత్తం తినే దాంట్లో సగం తగ్గుతుందని ఎవరైనా అమ్మకానికి వస్తే టీ ఇచ్చి పంపండి.

అపోహ: కొత్త మోడల్ కొంటే బిల్లు తగ్గుతుంది

గిగాబిట్‌కు ఇన్ని వాట్లు అని బ్రోషర్‌లో వేసే అంకె ఫుల్ లోడు మీద తీసింది. దాని ప్రకారం కొత్త పెట్టె ఎప్పుడూ పాతదానికన్నా గొప్పదే. మీ ట్రాఫిక్ రెండు గిగాబిట్లు ఉండగా టెరాబిట్ల పెట్టె తెచ్చి పెడితే ఆ గొప్పతనం మీకు దక్కదు, ఖాళీగా ఉన్నా అది తినే ఖర్చు మాత్రం దక్కుతుంది.

ఇంకో చోటు ఉంది, ఎవరూ చూడరు: పవర్ సప్లయి. 150 వాట్లు లాగే స్విచ్‌కు 1,100 వాట్ల సప్లయిలు రెండు వేస్తారు, ‘రేపు పనికొస్తాయి’ అని. రెండూ చెరిసగం మోస్తే ఒక్కోదాని మీద పడేది 75 వాట్లు, సామర్థ్యంలో ఏడు శాతం. ఈ సప్లయిలు బాగా పనిచేసేది సగం లోడు దగ్గర. 80 ప్లస్ అని పవర్ సప్లయిలకు ఇచ్చే రేటింగుల్లో టైటానియం కూడా పది శాతం లోడు వరకే పరీక్షిస్తుంది. అంతకన్నా కింద ఎంత పోతోందో మీ మీటరే చెప్పాలి. కొనేటప్పుడే చిన్న సప్లయి అడగండి. దాదాపు అన్ని కంపెనీలకూ ఉంటుంది. టెండర్‌లో మాత్రం ‘గరిష్ఠ వాట్లు’ అనే ఒక్క గడి ఉంటుంది. అక్కడ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, పది శాతం ట్రాఫిక్‌లో ఎంత, ఫుల్‌లో ఎంత అని మూడు గళ్లు పెట్టండి. వెండర్ల ముఖాలు చూడాలి అప్పుడు.

అపోహ: ఏది ఆపినా నెట్ పడిపోతుంది

ఈ భయాన్ని నేను వెక్కిరించను. నెట్ పడితే అర్ధరాత్రి తిట్లు తినేది దాన్ని నడిపేవాళ్లే గానీ కరెంటు మిగిలిందని ఎవరూ శాలువా కప్పరు.

ఖమ్మం వైపు ఒక ఆపరేటర్ ఉన్నాడు. పెద్ద కంపెనీల ఫైబర్ వచ్చాక కనెక్షన్లు తగ్గాయి. రూములో ఒకే మేక్ ఓఎల్‌టీలు (ఇళ్లకు వెళ్లే ఫైబర్లన్నీ మొదలయ్యే పెట్టెలు) రెండు, ఒక్కోదానికీ 16 పాన్ పోర్టులు (ఒక్కో పోర్టు ఫైబర్ చీలి చాలా ఇళ్లకు వెళ్తుంది), రెండింటిలోనూ వాడేవి చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకటి తీసేద్దాం అంటే “అన్నా, ఉన్న కస్టమర్లు కూడా పోతే నేను బజార్న పడతా” అన్నాడు. కరెంటు లెక్క చెబితే కదల్లేదు. “లోడు సగమైతే కరెంటు పోయినప్పుడు నీ బ్యాటరీలు దాదాపు రెట్టింపు సేపు వస్తాయి” అనేసరికి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అతని కంప్లెయింట్లలో ఎక్కువ భాగం ఆ పవర్ కట్లవే మరి.

చేసింది సులువే. కదలబోయే ఇళ్లలోని ఫైబర్ బాక్సుల (ఓఎన్‌టీల) సీరియల్ నంబర్లు, ప్రొఫైళ్లు మిగలబోయే ఓఎల్‌టీలో ముందే ఎక్కించాం. తెల్లవారుజామున ఒక్కో పాన్ ఫైబర్ మార్చి, దాని కింద ఇళ్లన్నీ రిజిస్టర్ అయ్యాయని, ఆప్టికల్ పవర్ మునుపటిలాగే ఉందని చూసుకున్నాకే తర్వాతదాని మీద చేయి వేశాం. ఖాళీ అయిన ఓఎల్‌టీని వెంటనే ఆపలేదు, అతని మనశ్శాంతి కోసం కొన్నాళ్లు అలాగే వెలగనిచ్చాం. ఇప్పుడది కవర్ చుట్టుకుని స్పేర్‌గా ఉంది.

కొంచెం పెద్ద ఐఎస్‌పీల్లో (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల్లో) నాలుగు లింకులను ఒకటిగా కట్టిన ల్యాగ్‌లుంటాయి, రాత్రి రెండు గంటలకు ఒక్కటి చాలు. ఒకటి పోయినా ఇబ్బంది లేకుండా రెండింటిని మేల్కొనే ఉంచి మిగతా రెండింటిని పడుకోబెట్టొచ్చు. ముందు ఆ దారి కాస్ట్ (రూటర్లు దారి ఎంచుకునే అంకె) పెంచి ట్రాఫిక్ పక్కకు జరపాలి, కనీసం ఎన్ని లింకులుంటేనే ల్యాగ్ నిలబడుతుందో చెప్పే మినిమమ్ లింక్స్ సెట్టింగు చూసుకోవాలి, తెల్లారేలోపు తిరిగి లేపే స్క్రిప్టు నమ్మకంగా ఉండాలి. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2010లో ఎలాస్టిక్‌ట్రీ పేరుతో డేటా సెంటర్ నెట్‌వర్క్‌లో ఇలా లింకులతో పాటు స్విచ్‌లనే ఆపి, నెట్‌వర్క్ కరెంటులో సగం దాకా మిగల్చొచ్చని చూపించారు. అక్కడ మొత్తం స్విచ్‌లు ఆగాయి, గమనించండి. లింకులు మాత్రమే ఆపితే వచ్చేది కొద్దిగానే.

ఇక గబగబా కొన్ని

పాత ఈమెయిల్స్ డిలీట్ చేస్తే ఇంటర్నెట్ కరెంటు మిగులుతుందట. పైన చదివింది గుర్తుంటే జవాబు మీరే చెప్పగలరు. ఆ వాట్సాప్ మెసేజ్ నాకు పంపకండి.

అరగంట వీడియో చూస్తే కారులో కొన్ని కిలోమీటర్లు వెళ్లినంత కాలుష్యం అని 2019 నుంచి తిరుగుతున్న లెక్క ఒకటుంది. దాన్ని చెప్పిన ఫ్రెంచ్ సంస్థే బిట్లకు, బైట్లకు మధ్య పొరపాటు పడ్డామని 2020లో సరిదిద్దుకుంది. బైటుకు ఎనిమిది బిట్లు, కాబట్టి ఎనిమిది రెట్ల తేడా.

సర్వర్ రూమ్ 18 డిగ్రీల్లో ఉండాలని ఎవరు చెప్పారో తెలియదు, అందరూ స్వెట్టర్లతో లోపలికి పోతుంటారు. పరికరం గాలి పీల్చే వైపు 27 డిగ్రీల దాకా ఆష్రే (ఏసీ ఇంజినీర్ల అమెరికా సంఘం) సిఫార్సు పరిధే.

రాత్రి టవర్లు ఆపేస్తున్నారు, సిగ్నల్ అందుకే పోతోంది అంటారు. ఆపేది రద్దీ కోసం పెట్టిన అదనపు క్యారియర్లను, అంటే అదనపు ఫ్రీక్వెన్సీలను. కవరేజీ ఇచ్చే పొర అలాగే ఉంటుంది. 4జీలో ఎవరూ లేకపోయినా ప్రతి మిల్లీసెకనులో రెఫరెన్స్ సిగ్నల్ పంపాల్సిందే, కాబట్టి నిద్రకు చోటు తక్కువ. 5జీలో ఆ తప్పనిసరి పలకరింపు మామూలుగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి.

ఇంట్లో ఫైబర్ బాక్సు రాత్రి ఆపితే లైను కట్ అవుతుందా, పాడవుతుందా అని అమ్మలు, అత్తయ్యలు చాలా కంగారుగా అడుగుతారు. ఏమీ కాదమ్మా. పొద్దున ఆన్ చేస్తే ఒకట్రెండు నిమిషాల్లో తిరిగి రిజిస్టర్ అవుతుంది. పది వాట్ల బాక్సు అయితే ఏడాదంతా ఆన్‌లో ఉంచితే 88 యూనిట్లు, రాత్రి ఎనిమిది గంటలు ఆపితే అందులో మూడో వంతు మిగులుతుంది. కాకపోతే ల్యాండ్‌లైన్ ఆ బాక్సు మీదే ఉంటే రాత్రి మోగదు, గేటు కెమెరా రికార్డింగు ఫోనుకు రాదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ పాతిక ముప్పై యూనిట్ల కోసం ఆపొద్దు.

ఆఫీసుల్లో అయితే యాక్సెస్ పాయింట్లకు, డెస్కు ఫోన్లకు స్విచ్ నుంచే పవర్ పోతుంది కాబట్టి పీఓఈ షెడ్యూల్ పెట్టుకుంటే రాత్రులూ ఆదివారాలూ వాటంతటవే ఆగి, పొద్దున్నే లేస్తాయి. షెడ్యూల్ వేసే ముందు పోర్టుల జాబితా చేతిలో పెట్టుకుని ఫ్లోరంతా నడవండి. సీసీ కెమెరాలు, తలుపు కార్డు రీడర్లు, లిఫ్టులో ఎమర్జెన్సీ ఫోను, సెక్యూరిటీ గార్డు దగ్గర ఫోను, ఈ నాలుగింటి పోర్టులు అందులో ఉండకూడదు.