జడ్జిల సంఘం: అడిగే హక్కు ఎక్కడిది, హద్దు ఎక్కడ?

2016 జూన్ ఆఖరి వారం. నల్లగొండ జిల్లా కోర్టు వరండాలో, దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో భూమి కాయితాలు. లాయర్లు కోర్టులు బహిష్కరించడంతో అప్పటికే ఒక పేషీ పోయింది. ఈసారి జడ్జి సారే సెలవు. బెంచి క్లర్కు బయటికి వచ్చి వాయిదా తేదీ చెప్పి లోపలికి పోయాడు. పెద్దమనిషి నా వైపు తిరిగి, "జడ్జిలు గూడ సమ్మె చేస్తరా సారూ?" అన్నాడు.

ఆ వారం చేశారు. దాన్ని సమ్మె అనలేదు, మూకుమ్మడి సెలవు అన్నారు. తెలంగాణ అంతటా దాదాపు రెండు వందల మంది జడ్జిలు పదిహేను రోజుల సెలవు పెట్టారు. అంతకు ముందు ఆదివారం, జూన్ 26న, వందమందికి పైగా ఊరేగింపుగా రాజ్‌భవన్‌కు వెళ్లి గవర్నర్‌కు వినతిపత్రం ఇచ్చారు. మర్నాడు తెలంగాణ జడ్జిల సంఘం అధ్యక్షుడినీ, ప్రధాన కార్యదర్శినీ హైకోర్టు సస్పెండ్ చేసింది. ఆ తర్వాతి రోజు మరో తొమ్మిది మంది. మొత్తం పదకొండు.

గొడవ పంపకాల మీద. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినా విభజన చట్టం ప్రకారం హైకోర్టు ఉమ్మడిగానే ఉండిపోయింది. కింది కోర్టుల జడ్జిలను రెండు రాష్ట్రాలకు పంచే పని ఆ హైకోర్టుదే. ఆప్షన్లు తీసుకుని తాత్కాలిక జాబితా వేస్తే అందులో ఆంధ్ర ప్రాంతం వాళ్లు చాలామంది తెలంగాణకు వచ్చారు. మా ప్రమోషన్లు పోతాయి, ముందు హైకోర్టును విభజించండి, తర్వాత మమ్మల్ని పంచండి అన్నది ఇక్కడి జడ్జిల మాట. ఏళ్ల తరబడి మెల్లగా ముందుకు కదిలే సీనియారిటీ లిస్టులో పై నుంచి కొత్త పేర్లు దిగితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఏ ఉద్యోగికైనా తెలుసు.

అడిగింది న్యాయమే, అడిగిన దారే తప్పని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ వాళ్లకు ఇంకో దారి ఏముంది అన్న ప్రశ్న కూడా వదల్లేదు. రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం కింది కోర్టుల మీద అదుపు హైకోర్టుది. పోస్టింగు, సెలవు, ప్రమోషను, క్రమశిక్షణ అన్నీ అక్కడే. జాబితా వేసింది హైకోర్టు, అభ్యంతరం చెప్పాల్సింది హైకోర్టుకే, గట్టిగా చెబితే సస్పెండ్ చేసేదీ హైకోర్టే.

ఇంతకీ జడ్జిలకు సంఘం పెట్టుకునే హక్కు ఉందా? ఉంది. సంఘం పెట్టుకునే హక్కు 19వ అధికరణ పౌరులందరికీ ఇచ్చింది, ప్రభుత్వ ఉద్యోగంలో చేరినంత మాత్రాన అది పోదని సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే తేల్చింది. న్యాయవ్యవస్థ స్వతంత్రత మీద ఐక్యరాజ్యసమితి 1985లో ఒప్పుకున్న సూత్రాల్లోనూ జడ్జిల సంఘాలకు చోటుంది. అయితే ఈ దేశంలో జడ్జిల సంఘాలు అందరి కళ్లలో పడింది సూత్రాల వల్ల కాదు, ఒక తాడు వల్ల.

1989 సెప్టెంబరు 25న గుజరాత్‌లోని నడియాద్‌లో చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్‌ను పోలీసులు స్టేషన్‌కు పిలిపించారు. బలవంతంగా మద్యం తాగించారు, బేడీలు వేశారు, తాడుతో కట్టారు, ఫొటో తీయించారు. అక్కడి పోలీసుల పనితీరు మీద ఆయన హైకోర్టుకు ఫిర్యాదులు రాయడమే కారణం. ఒక్క మేజిస్ట్రేట్ ఒంటరిగా ఏం చేయగలడు? ఢిల్లీ జుడీషియల్ సర్వీస్ అసోసియేషన్, అఖిల భారత జడ్జిల సంఘం సుప్రీంకోర్టు మెట్లెక్కాయి. 1991 సెప్టెంబరు 11న తీర్పు వచ్చింది. పోలీసు అధికారులకు కోర్టు ధిక్కారం కింద శిక్ష పడింది. జడ్జిని అరెస్టు చేయాల్సి వస్తే జిల్లా జడ్జికో హైకోర్టుకో తెలియజేయాలన్న నిబంధన అప్పటిదే.

అఖిల భారత జడ్జిల సంఘం 1989లోనే ఇంకో పిటిషన్ వేసింది, పని పరిస్థితుల మీద. 1991 నవంబరు 13 నాటి తీర్పు రిటైర్మెంట్ వయసు 60 చేయమంది, క్వార్టర్లు, ఇంట్లో చిన్న లైబ్రరీ, వాహన సదుపాయం ఇవ్వమంది. ప్రభుత్వాలు రివ్యూ కోరితే 1993 ఆగస్టులో కోర్టు ఇంకో మాట గట్టిగా చెప్పింది: జడ్జిలు మామూలు అర్థంలో ఉద్యోగులు కారు, రాజ్యాధికారంలో ఒక భాగాన్ని నడిపేవాళ్లు. దాని ఫలితంగానే 1996లో జస్టిస్ జగన్నాథ శెట్టి వేతన సంఘం, దాని నివేదిక మీద 2002 తీర్పు. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జిలు ఉండాలన్న లక్ష్యం అందులోదే. రెండో వేతన సంఘానికి తెలుగువారైన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షత వహించారు. ఈ రోజు గద్వాలలోనో మిర్యాలగూడలోనో పనిచేసే జూనియర్ సివిల్ జడ్జి జీతం స్లిప్పు వెనక ఈ ముప్పై ఏళ్ల వ్యాజ్యం ఉంది. ఇదంతా ఊరేగింపులతో రాలేదు, పిటిషన్లతో వచ్చింది.

1993 నాటి ఆ మాటకు రెండు వైపులా పదునుంది. ఉద్యోగులు కారు కాబట్టి మెరుగైన జీతాలు, సరే. మరి ఉద్యోగులు కాని వాళ్లు ఉద్యోగుల్లా సెలవు పెట్టి కూర్చోవచ్చా? ఉద్యోగులకే సమ్మె హక్కు లేదని 2003లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కింది కోర్టుల జడ్జిలకు ఇక్కడ వర్తింపజేసిన 1964 నాటి ప్రవర్తన నియమాల్లోనూ సమ్మె నిషేధమే. 2016లో సస్పెన్షన్లకు ఆధారం ఆ నియమాలే. జూలై మొదటి వారంలో జడ్జిలు మళ్లీ బెంచి ఎక్కారు, సస్పెన్షన్లూ ఎత్తేశారు. వాళ్లు అడిగిన ప్రత్యేక హైకోర్టు 2019 జనవరి 1న వచ్చింది.

ఇక నైతిక నియమాల సంగతి. సుప్రీంకోర్టు 1997 మే 7న పెద్ద కోర్టుల జడ్జిల కోసం పదహారు సూత్రాలు ఒప్పుకుంది. బంధువుల కేసు వినొద్దు, లాయర్లతో మరీ దగ్గరగా మెలగొద్దు, మీడియాకు ఇంటర్వ్యూలు ఇవ్వొద్దు, ఇలా సాగుతాయి. అందులో ఒక సూత్రం క్లబ్బుల్లో, సంఘాల్లో పదవులకు పోటీ చేయొద్దంటుంది. పదవి ఉంటే గింటే చట్టంతో సంబంధమున్న సంఘంలోనే ఉండాలంటుంది. జడ్జిల సంఘం పదవులకు దొరికిన సందు ఇంతే. కానీ ఆ పదహారింటిలో ఒక్కటీ సంఘం ఎలా నడవాలో చెప్పదు. అన్నీ జడ్జి అనే మనిషికి రాసినవి. సంఘం చందా ఎవరు లెక్క చూడాలి, ఎన్నికలు ఎవరు జరపాలి, సంఘం పేరుతో ఎవరు ఏది మాట్లాడొచ్చు అన్నవి బైలాస్‌కే, అంటే సంఘం తనకు తాను రాసుకునే నియమాలకే వదిలేశారు.

బైలాస్ సంప్రదాయం మనకు కొత్తది కాదు. నిజాం కాలంలో 1350 ఫసలీలో, అంటే 1940-41లో, తెలంగాణ ప్రాంతానికి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. 2001లో ఉమ్మడి రాష్ట్రానికి ఒకే చట్టం వచ్చేదాకా పాలమూరు భజన మండలి అయినా నల్లగొండ వర్తక సంఘం అయినా రిజిస్టర్ కావాలంటే దాని కిందే. జనరల్ బాడీ, పద్దులు, కార్యవర్గం జాబితా అన్నీ ఈ చట్టాల్లో ఉన్నవే.

చిక్కు కాయితం మీద లేదు, కుర్చీల వరసలో, అంటే పై హోదా కింది హోదా తేడాలో ఉంది. 2022 జూన్ 2న జిల్లాల వారీగా జిల్లా కోర్టులు మొదలయ్యాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, భువనగిరి వేరయ్యాయి. కక్షిదారుకు దూరం తగ్గింది, మంచిదే. చిన్న జిల్లాలో జడ్జిలు కొద్దిమందే ఉంటారు, పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిందే. వాళ్ల పనితీరు మీద రహస్య నివేదిక రాసేది జిల్లా జడ్జి. సంఘంలో ఆయనా సభ్యుడైతే, మొన్న సర్వీసులో చేరిన జూనియర్ సివిల్ జడ్జి జనరల్ బాడీలో లేచి "పోయినేడు చందా పద్దు చూపిస్తారా సార్" అని ఆయననే అడగాలి.