కొత్త అల్లుడు, పాత అల్లుడు

బుజ్జీ, చిన్నీ,

మొన్న వీడియో కాల్‌లో బుజ్జి అడిగింది కదా: "తాతయ్యా, పోయినేడు తీసిన కొంగల ఫోటోలే ఈ ఏడూ తీస్తున్నావు. వేరే చోటికి వెళ్లొచ్చుగా?" అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఇవాళ పొద్దున మన గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువు గట్టు మీద నిలబడితే జవాబు తట్టింది.

ముందు మీ నాన్న సంగతి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో ఆయన గుంటూరు వస్తే మేమందరం లేచి నిలబడేవాళ్లం. మీ అమ్మమ్మ చెంగు సర్దుకునేది, నేను గబగబా చొక్కా తొడుక్కునేవాణ్ణి. మరి ఇప్పుడో? లుంగీ కట్టుకుని వంటింట్లోకి వెళ్లి తనే గారె తీసుకుంటాడు. ఆయన ఉన్నాడని మీ అమ్మమ్మ నన్ను తిట్టడం ఆపదు. మా ఇల్లు నిజంగా ఎలా ఉంటుందో మీ నాన్న చూసింది అలా పాత అల్లుడయ్యాకే.

ఆ చెరువుకి నేనూ అల్లుణ్ణే. మొదటిసారి వెళ్లినప్పుడు దగ్గరి కొమ్మల మీది ఎర్రకాళ్ల కొంగలన్నీ మెడలు నిక్కించాయి. నాలుగైదు లేచిపోయాయి. ఫోటోలు చూసుకుంటే పెళ్లిలో గ్రూపు ఫోటోలాగా అందరూ బిగుసుకుపోయి నావైపే చూస్తున్నారు! ఇప్పుడు అవి నన్ను పట్టించుకోవు. నా ముఖం గుర్తుపట్టాయని కాదర్రా, ఎక్కడ కూర్చుంటే వాటికి ఇబ్బంది ఉండదో నేనే నేర్చుకున్నాను. అందుకే ఎండ ముదిరాక తల్లికొంగ రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకు నీడ పట్టడం చూడగలిగాను. గూడబాతు (పెలికాన్) పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తినడం కూడా చూశాను. కాకపోతే అల్లుడికి అరిసెలు పెడతారు, నాకు టోపీ మీద రెట్ట పడుతుంది. పోలిక అక్కడ కాస్త చెడింది.

నా మొదటి కొంగల ఫోటో మీకు తెలియదు. ఏడో తరగతిలో మా మేనమామ డబ్బా కెమెరా బతిమాలి తీసుకున్నాను. రీలుకి 12 ఫోటోలు. పన్నెండూ మా ఊరి చెరువు దగ్గర ఒక్క పూటలో కొట్టేశాను. కడిగించి తెస్తే తెల్ల కాగితం మీద నువ్వుగింజలు! "కొంగలేవిరా?" అన్నాడు మామ. దగ్గరికి వెళ్దామని నీళ్లలోకి పరిగెత్తి అన్నిటినీ లేపేశానని ఆయనకి చెప్పలేదు. ఆ పరుగుకి గూళ్లలో పిల్లలున్న తల్లులు కూడా లేచాయి. ఇప్పుడు ఎవరైనా ఫోటో కోసం చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపితే నాకు ఒళ్లు మండుతుంది.

తిరిగి తిరిగి వెళ్తే కొన్ని కిటుకులు తెలుస్తాయి. పక్షి గాలికి ఎదురుగా వాలుతుంది. గాలి మన వీపుకి తగిలేలా నిలబడితే ముఖం మనవైపు పెట్టి వస్తుంది. పొద్దున్నయితే తూర్పు గట్టు మేలు, ఎండ మన వెనక నుంచి పడుతుంది. ఒంగి, రెట్ట వేసిందంటే ఎగరబోతోందని లెక్క, వేలు బటన్ మీద పెట్టుకోవాలి.

ఇంతకీ ఆ చెరువెంతనుకున్నారు? చిన్నది. చుట్టూ ఇళ్లు, గుడి మైకు, ట్రాక్టర్లు. చెట్లు నీళ్ల మధ్య ఉన్నాయి గనక పిల్లులూ కుక్కలూ గూళ్ల దాకా రాలేవు, ఊళ్లోవాళ్లు రాయి వేయరు. ఆ మాత్రం నేను చెప్పగలను. అటు కొల్లేరూ ఇటు కృష్ణా ఉండగా, ఇళ్ల మధ్య ఈ నీటి ముక్కని మొదట ఏ కొంగ చూసిందో, మిగతావాటికి ఎలా చెప్పిందో! ఎన్నేళ్లుగా చూస్తున్నా నాకు అంతుపట్టలేదు.

సంక్రాంతికి వస్తున్నారుగా. చిన్నీ, ఆ ఎర్ర చొక్కా వద్దు, మట్టిరంగుది తెచ్చుకో. ఐదింటికే లేపుతాను. మొదటి గంట కెమెరా సంచిలోనే ఉంటుంది, ముందే చెబుతున్నాను.

మీ తాతయ్య