చుట్టూ సముద్రమే, పంపులే తిరగలేదు

చిట్టితల్లీ,

బొగ్గు, పెట్రోలియం పాఠం చదివి మంచి ప్రశ్నే వేశావు. "సముద్రంలో ఉన్న ఆయిల్ బావికి నిప్పంటుకుంటే భయమేంటి తాతయ్యా, చుట్టూ నీళ్లేగా?" అన్నావు. జవాబు తమ్ముడికి కూడా చదివి వినిపించు.

1988 జులై 6 రాత్రి, ఉత్తర సముద్రంలో బ్రిటన్‌కి చెందిన భాగంలో పైపర్ ఆల్ఫా అనే ప్లాట్‌ఫామ్ తగలబడింది. ప్లాట్‌ఫామ్ అంటే రైలు స్టేషన్‌లోది కాదు, సముద్రంలో కాళ్లు ఊని నిలబడ్డ ఇనప మేడ. పంపులూ పైపులూ అక్కడే, మనుషులు తిని పడుకునే గదులూ అక్కడే. సముద్రపు నీళ్లు తోడి మంట మీద చల్లే పంపులు కూడా ఉన్నాయి. అయితే నీళ్లలో డైవర్లు పని చేసే రోజుల్లో వాళ్లు ఆ పంపుల్లోకి లాగుకుపోకుండా, పంపులు వాటంతటవే స్టార్ట్ కాకుండా పెట్టేవారు. మనిషి వెళ్లి ఆన్ చేయాలి. ఆ రాత్రి మంటల్లో అక్కడికి ఎవరూ చేరలేకపోయారు.

ఇక ఆ నిప్పు ఎలా పుట్టిందో చెప్పాలంటే మా నాన్న ఫ్యూజుల సంగతి చెప్పాలి.

మా కొబ్బరితోటలో నీళ్లమోటారు ఉండేది. అది చెడితే నాన్న ముందు మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఆ తర్వాతే పానా పట్టేవాడు. పని సగంలో ఉండగా బజారుకి వెళ్లినా ఫ్యూజులు ఆయన వెంటే. ఓసారి తడి పెట్టుకునే వంతు మా బాబాయిది. గట్టు మీద కూర్చుని చీకటి పడేదాకా నాన్నని తిట్టుకుంటూనే ఉన్నాడు. నాన్న వచ్చి, బిగించాల్సింది బిగించి, అప్పుడు ఫ్యూజులు పెట్టాడు. నాకు ఆ పింగాణీ ఫ్యూజులంటే భలే సరదా, ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు అదే జేబు పైపర్ ఆల్ఫాలో చూడు. అక్కడ జేబుకి బదులు కాగితం. పని మొదలెట్టే ముందు పర్మిట్ రాయాలి, ముగిశాక సంతకం పెట్టి అప్పజెప్పాలి. ఆ రోజు ఒక పంపుకి ఫ్యూజులు పీకినట్టే కరెంటు తీసేశారు. దాని సేఫ్టీ వాల్వు విప్పి బాగుచేయడానికి తీసుకెళ్లారు. సాయంత్రానికి పని తెమల్లేదు. వాల్వు ఉండాల్సిన చోట ఒక ఇనప మూత పెట్టి వదిలారు. రాత్రి పదికి కాస్త ముందు రెండో పంపు ఆగిపోయింది. రెండూ నడవకపోతే ప్లాట్‌ఫామ్ మొత్తానికి కరెంటు పోయేలా ఉంది. అందరికీ టెన్షన్. పగటివాళ్లు వాల్వు సంగతి రాత్రివాళ్లకి చెప్పలేదు, ఆ కాగితం కూడా వీళ్ల కంటపడలేదు. వాల్వు ఉండే చోటు పంపు దగ్గర నిలబడితే కనపడదు. దాంతో వాళ్లు ఆ మొదటి పంపుకే మళ్లీ కరెంటు ఇచ్చి స్టార్ట్ చేశారు. ఫ్యూజులు ఎవరి జేబులో ఉన్నాయని అడగకుండానే మోటారు వేసినట్టయింది. మూత సందులోంచి గ్యాస్ చిమ్మింది, పేలింది.

పక్క ప్లాట్‌ఫామ్‌లు తమ ఆయిల్, గ్యాస్ వెంటనే ఆపలేదు. మేడ మండుతుంటే అవి అదే పైపుల్లోకి తోస్తూనే ఉన్నాయి. 167 మంది పోయారు, 61 మంది బతికారు. ఈ అంకెలు నీకు రాయాలా అని ఆలోచించాను. రాయడమే మేలనిపించింది.

లార్డ్ కల్లెన్ అనే న్యాయమూర్తి విచారణ జరిపి 1990లో 106 సూచనలు చేశాడు. వాటిలో నాకు నచ్చింది ఒకటుంది. కంపెనీ 'అన్ని రూల్సూ పాటించాం' అంటే చాలదు. తన ప్లాట్‌ఫామ్‌లో ఏమేం పేలొచ్చో, పేలకుండా ఏం చేస్తుందో ముందుగానే రాసి ఒప్పించాలి. మా బాబాయి లాంటి తొందర మనుషులు ఎక్కడైనా ఉంటారు కదా!

అన్నేసి మీటర్ల నీటి కింద, రాతి పొరల్లో దాగిన గ్యాస్‌ని మనిషి పైకి తేవడమే నాకు ఇప్పటికీ వింత. అదెలాగో ఇంకోసారి.

ఈలోగా మీ వీధిలో లైన్‌మన్ స్తంభం ఎక్కితే దూరంగా నిలబడి చూడు. ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుంటాడు, అంటే ఆ లైను ఆపించుకుంటాడు. పైన ఉండగా పలకరించకు. దిగాక, "ఎల్‌సీ తిరిగి ఎవరికి ఇస్తారండీ?" అని అడుగు. ఏమన్నాడో నాకు రాయి.

మీ తాతయ్య